చల్లారే రాయి మీద వంట: ఛత్రినాక నుంచి బహదూర్‌పురా దాకా ఒక సోమవారం

మా వంటగది ఇంటికి పడమటి వైపున ఉంటుంది. ఛత్రినాకలో మా సందులో ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఆ గోడకు కిటికీ లేదు. ఏప్రిల్ వచ్చిందంటే ఆ గోడ మధ్యాహ్నమంతా ఎండ తాగి, సరిగ్గా అమ్మ రాత్రి వంటకు పొయ్యి వెలిగించే వేళకు ఆ వేడినంతా లోపలికి వదులుతుంది. ఈ వేసవిలో అమ్మ రెండుసార్లు పొయ్యి ముందే కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. వానలు పడేదాకా సాయంత్రం పూట ఆ గదిలో నిలబడవద్దని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. నేను వండుతానంటే, ఐదు నిమిషాలకే అమ్మ వచ్చి "నువ్వు పో, చదువుకో" అని నన్ను బయటికి నెట్టి తనే నిలబడుతుంది. గ్యాస్ పొయ్యిని మేడ మీదికి ఎక్కించి చూశాను. గాలికి మంట నిలవలేదు, గ్యాస్ వాసన మాత్రం వచ్చింది. అందుకే బొగ్గుల మీద రాయి పెట్టి, ఆ రాయి మీద వండుదామనుకున్నాను. ఈ ప్రయాణానికి మొదలు అదే.

నా మొదటి ప్రయత్నం గురించి దాచకుండా చెబుతాను. పక్కింటి వాళ్లు వంటగట్టు వేయించుకోగా మిగిలిన గ్రానైట్ ముక్క ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ముందు రోజే కడిగి తుడిచి పెట్టాను. మేడ మీద ఇటుకలు పేర్చి, బుట్టెడు బొగ్గులు పోసి, మంట లేపి, ఆ ముక్కను పైన పెట్టాను. రాయి బాగా కాలింది. అమ్మ పక్కనే కూర్చుని ఉంది, బాపు అప్పుడే పైకి వచ్చాడు. మక్క కంకులు తేవడానికి నేను మెట్ల వైపు తిరిగానో లేదో, వెనక ఫట్‌మని పేలిన చప్పుడు. రాయి రెండు ముక్కలైంది. గోరంత పెచ్చు ఎగిరి అమ్మ మోచేతిని గీరుకుంటూ పోయింది. రక్తం ఎక్కువేమీ రాలేదు గానీ బాపు ముఖం తెల్లబోయింది. "ఇంక ఈ మేడ మీద నిప్పన్న మాట వినపడొద్దు" అన్నాడు. మా బాపు గుడిలో నైవేద్యం వండుతాడు. ముప్పై ఏళ్లుగా తెల్లవారుజామునే కట్టెల పొయ్యి ముందు కూర్చునే మనిషి. నిప్పు గురించి ఆయన ఒక మాట అంటే మా ఇంట్లో దాని మీద ఇంకో మాట ఉండదు. అమ్మ మళ్లీ ఆ గదిలోకే వెళ్లింది.

నాతో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న నస్రీన్ ఇల్లు బహదూర్‌పురాలో ఉంది. వాళ్ల సందు చివర గఫూర్ చాచా అని ఒకాయన నలభై ఏళ్లుగా రాతి మీద వండుతున్నాడనీ, ఆయన రాయి పగిలిందని ఎప్పుడూ వినలేదనీ చెప్పింది. వారం రోజులు బాపును బతిమాలాను. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "నేను కూడ వస్త. పగిలిన ముక్క పట్టుకపోదం. గాయన గిట్ల చూసి, రాయన్నంక పగులుతదే అన్నడనుకో, మళ్ల నువ్వు ఆ ముచ్చట ఎత్తొద్దు." సరే అన్నాను. అంటే అమ్మ ఈ వేసవంతా ఎక్కడ నిలబడాలన్నది ఆ చాచా నోటి మాట మీద ఆధారపడిందన్నమాట. వెళ్లే ముందు రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

సోమవారం ఎంచుకున్నాం. ఆ రోజు జూకు సెలవు కాబట్టి బహదూర్‌పురా వైపు రోడ్డు కాస్త ఖాళీగా ఉంటుంది. మీరు వెళ్లినా సోమవారమే వెళ్లండి. మధ్యాహ్నం మూడింటికి మా సందు మొదట్లో ఉండే యాదగిరన్న ఆటో ఎక్కాం. నూట ముప్పై రూపాయలకు మాట్లాడుకున్నాం. శాలిబండ, ఖిల్వత్, హుస్సేనీ ఆలం, దూద్‌బౌలి మీదుగా ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. బస్సులో పోతే డబ్బు బాగా తగ్గుతుంది గానీ, ఆ ఎండలో స్టాపు దగ్గర నిలబడడం నేను ఎవరికీ చెప్పను. ఒక సంచిలో జొన్నపిండి, వంకాయలు, ఉల్లిగడ్డలు, మక్క కంకులు, పల్లీలు పెట్టుకున్నాం. పగిలిన రాతిముక్క కాగితంలో చుట్టి బాపు ఒళ్లో ఉంది.

"పంతులూ, గా పొట్లంల ఏంది, ప్రసాదమా?" అని యాదగిరన్న అద్దంలోంచి అడిగాడు.

"రాయి."

"రాయా! రాళ్లు చూడనీకి బహదూర్‌పురా దాక పోవాల్నా? మన దిక్కు గుట్టలు తక్కువైనయా?" అని నవ్వి, ఎక్కడ దిగాలో నేను చెప్పగానే గొంతు తగ్గించాడు. "గఫూర్ భాయ్ కాడికా? ఆయన వండేది మాంసం గద పంతులూ. దేవుడు చూస్తే ఎట్ల?"

"దేవుడు చూస్తనే ఉంటడు. నువ్వు రోడ్డు చూడు" అన్నాడు బాపు.

గఫూర్ చాచా హోటల్ అంటే ఒక గది, దాని ముందు ఆకాశం కనిపించే చిన్న వాకిలి. వ్యాపారం సాయంత్రం ఏడింటికి మొదలవుతుంది. ఆయన్ను మాట్లాడించాలంటే మూడున్నర, ఆరు మధ్యే వెళ్లాలి. మేం వెళ్లేసరికి చాచా వాకిట్లో వెదురు మోడా మీద కూర్చుని ఉన్నాడు. తెల్లటి గడ్డం, నూలు లుంగీ, మోచేతుల దాకా మడిచిన నూలు చొక్కా. నస్రీన్ ముందే చెప్పి ఉంచింది కాబట్టి మమ్మల్ని చూడగానే లేచాడు.

"ఆవో బేటా, ఆవో. పంతులు సాబ్, ఇట్ల నీడకు రాండ్రి."

బాపు గుమ్మం దగ్గరే ఆగాడు. "ఏమనుకోకు భాయ్. రేపు తెల్లారి నైవేద్యం నేనే వండాలె. ఈడ ఏం ముట్టను, ఏం తినను."

"తినుమని ఎవరన్నరు పంతులు సాబ్? చూడనీకే గద వచ్చిన్రు. చూడండ్రి" అని చాచా నవ్వాడు. తర్వాత వాకిలి మూలన గోడకు నిలబెట్టి ఉన్న ఒక రాయిని చూపించాడు. మెరుగు పెట్టని నల్లరాయి, రెండు వేళ్ల మందం. "గది కొత్తది. పదిహేను రోజుల సంది ఎండల ఉంది. పొద్దున ఒక మొకం, మాపటికి ఇంకో మొకం. మొన్నటి సంది మూడు సాయంత్రాలు సన్న సెగ చూపిచ్చిన. ఇంత దాకా దాని మీద ఏదీ వండలే. మాంసం ముట్టని పత్తర్. మీ పాప వస్తదని తెలిసినంక ఇంక దాన్ని పక్కనే పెట్టిన."

నేను నోట్‌బుక్ తీశాను. బాపు కాగితం విప్పి పగిలిన ముక్కను చాచా చేతికిచ్చాడు. "నువ్వే చెప్పు భాయ్. రాయి నిప్పు మీద పెడితే పగులుతదా, పగలదా?"

చాచా లోపలికి వెళ్లి కళ్లజోడు తెచ్చుకుని, ముక్కను ఎండలో పెట్టి తిప్పి తిప్పి చూశాడు. వేలితో అంచును తడిమాడు. "గీ పత్తర్ నున్నగ పాలిష్ చేసింది. గట్టు మీదికి మంచిది, పొయ్యి మీదికి కాదు. అది మొదటి తప్పు" అన్నాడు. నేను తల వంచుకున్నాను. "గాని గిది పాలిష్‌కు పగిలింది కాదు. చూడు బేటా. నిప్పు వల్ల పగిలితే పగులు కింద నుంచి మీదికి వస్తది. గిది మీద మొదలై కిందికి పోయింది. గిక్కడ, గిక్కడ, గిక్కడ. మూడు జాగల్ల పెచ్చు లేచింది. కాలే రాయి మీద ఎవరో నీళ్లు చల్లిన్రు."

"నేనే చాచా, ముందు రోజు కడిగిన..." అన్నాను.

"కడిగితే గిట్ల కాదు బేటా. కడిగిన నీళ్లు లోపలుంటే మొత్తం పేలుతది. గిది బొట్లు. పై నుంచి పడ్డయి."

వీధిలో ఐస్ బండి వాడి గంట వినిపించి ఆగిపోయింది. బాపు తన కుడి చెయ్యి చూసుకుంటున్నాడు.

"నేనే" అన్నాడు. "నేనే చల్లిన."

గుడిలో వంట మొదలుపెట్టే ముందు బాపు రాగి చెంబులో నీళ్లు తీసుకుని పొయ్యి మీద మూడుసార్లు చిలకరిస్తాడు. పొయ్యి వెలగక ముందు చేసే పని అది. ఆ సాయంత్రం మేడ మీద నేను అప్పటికే నిప్పు పెట్టేశాను. బాపు తాగడానికి చెంబుతో నీళ్లు పట్టుకుని కిందినుంచి వచ్చాడు, కొత్త పొయ్యి చూశాడు, చెయ్యి దానంతట అదే ఆ చెంబులోకి పోయింది. నేను మెట్ల వైపు తిరిగిన ఆ నిమిషంలోనే అది జరిగిపోయింది. "ముప్పై ఏండ్ల అలవాటు భాయ్. చల్లినంక చూసిన, రాయి కాలుతున్నదని. నోరు రాలే. తప్పు బిడ్డ మీదికి పోతుంటే పోనిచ్చిన." నా వైపు చూడకుండానే అన్నాడు ఈ మాటలు. ఇన్ని రోజులూ మా ఇంట్లో తప్పు నాదే. ఆ క్షణంలో నాకు కోపం రావాలి. రాలేదు. బాపు ఒక పరాయి వాకిట్లో, ఆ రోజే పరిచయమైన మనిషి ముందు ఆ మాట అనగలిగాడు. ఆయన ఎన్నాళ్లుగా దాన్ని మోస్తున్నాడో నాకు అప్పుడు తెలిసింది.

చాచా ఆ ముక్కను పక్కన పెట్టి, ఏమీ జరగనట్టే లేచాడు. "అరే పంతులు సాబ్, నేను మా అబ్బా దగ్గర నేర్చుకునేటప్పుడు చాయ్ కాచే సమోవర్ అంత పత్తర్ పగలగొట్టిన. మా అబ్బా నన్ను ఎంత తిట్టిండంటే, ఇయ్యాల్టికి చెవుల లొల్లి పోలే. రాండ్రి, పొయ్యి పెడదం."

అక్కడి నుంచి రెండు గంటలు నేను రాసుకున్నంత వేగంగా పరీక్షల్లో కూడా రాయలేదు. చాచా మొదట రాయి గురించి మాట్లాడనే లేదు. మా మేడ మీద ఏమేం ఉన్నాయో అడిగాడు. పూలకుండీలకు కట్టిన ఆకుపచ్చ నెట్టు, బట్టలారేసే నైలాను తాడు, ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు అని చెప్పాను. "మొదలు తాడు ఇప్పు. నెట్టు కింద ఎన్నడూ పెట్టకు. ట్యాంకుకు పది అడుగులు ఎడం. కింద రెండు వరసల ఇటుకలు, నడుమ ఇసుక. లేకుంటే కప్పు కాలుతది, వేడి కింది గదిలకు దిగుతది" అన్నాడు. అదనంగా ఒక బకెట్ ఇసుక చేతికందేలా ఉండాలి. రాయి మీదికి మాత్రం నీళ్లు రానే కూడదు. గాలి ఎటునుంచి వస్తుందో చూసి, దానికి వీపు పెట్టి కూర్చోవాలి. నా చున్నీ చూసి, "గిది ఇంట్ల వదిలిపెట్టి, నూలు బట్టలు వేసుకో" అన్నాడు. వాన వచ్చినా, చలి వేసినా బొగ్గుల పొయ్యిని గదిలోకి తేవద్దని ఆ మాట ఒక్కటే రెండుసార్లు చెప్పాడు. కనిపించని పొగ మనిషిని నిద్రలోనే తీసుకుపోతుందట.

తర్వాత బొగ్గులు. ఒక చాట నిండా, అంతే. నేను పోసింది దీనికి మూడింతలు. కిరోసిన్ ఊసే లేదు. ఎండిన కొబ్బరి పీచు అంటించి పైన బొగ్గులు పేర్చాడు. "మా గుడిల పీచుకు కొదవ లేదు. నీకు సంచెడు పంపిస్త" అన్నాడు బాపు. గుమ్మం దగ్గర ఆగిన మనిషి ఎప్పుడు పొయ్యి దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడో నేను గమనించలేదు. మంట ఆరి, బొగ్గులు ఎర్రబడి, వాటి మీద తెల్లటి పొర కమ్మేదాకా చాచా రాయి పెట్టలేదు. "కోయ్‌లా సఫేద్ కుర్తా తొడుక్కోవాలె. అప్పటి దాక ఆగాలె" అన్నాడు. "మేం దాన్ని నివురంటం" అన్నాడు బాపు. రెండూ రాసుకున్నాను. ఆ రెండు మాటల్లో ఏది ఎక్కువ అందమైనదో నేనింకా తేల్చుకోలేదు.

రాయి పెట్టే ముందు దాన్ని ఇనుప గరిటెతో కొట్టి వినిపించాడు. ఖంగుమని మోగింది. మొద్దుగా దబ్బుమంటే లోపల పగులుందని లెక్క, అలాంటిది వాడకూడదు. రాయి వేడెక్కడానికి నలభై నిమిషాలు. ఆ తర్వాత నేను చూసినదే ఈ ప్రయాణం మొత్తానికి విలువైనది. చాచా మళ్లీ ఒక్క బొగ్గు కూడా వేయలేదు. వేడి తగ్గేకొద్దీ వంటను మారుస్తూ పోయాడు. రాయి భగభగలాడుతున్నప్పుడు జొన్నరొట్టెలు వేశాడు. వాటికి మొదటి వేడి కావాలి. రొట్టెలయ్యాక మక్క కంకులు దొర్లించాడు. వేడి కాస్త మెత్తబడ్డాక సన్నగా తరిగిన వంకాయ, ఉల్లిగడ్డ. "లావుగ కోస్తే ముక్క ఎక్కువ బొగ్గు తింటది. సన్నగ కోస్తే వేడి తక్కువైనా ఉడుకుతది" అన్నాడు. ఇంకా చల్లబడ్డాక పల్లీలు. ఆఖర్న రాయి మీద చాయ్ గిన్నె పెట్టాడు. "అందరు వంట పెట్టుకుని దానికి నిప్పు సరిచేస్తరు బేటా. నేను నిప్పు పెట్టుకుని దానికి వంట సరిచేస్త. గంతే."

నేను వాకిట్లోనే కూర్చుని తిన్నాను. వంకాయకు నూనె దాదాపు వేయలేదు, అయినా తోలు కింద గుజ్జు వెన్నలా విడివడింది. రొట్టె అంచు మాడలేదు. బాపు చెప్పినట్టే ఏమీ ముట్టలేదు. కానీ నేను తింటున్నంతసేపూ "ఎట్లుంది? ఉడికిందా? నడుమ కూడ ఉడికిందా?" అని మూడుసార్లు అడిగాడు. చివరికి చాచా, "గింత ఫికరుంటే జర వాసనన్న చూడండ్రి పంతులు సాబ్, వాసనకు మడి లేదు గద" అంటే, బాపు నిజంగానే వంగి వాసన చూశాడు. ఇద్దరూ నవ్వారు.

బయల్దేరేముందు బాపు నిలబడి, కాస్త తడబడుతూ అడిగాడు. "భాయ్, గిట్లాంటి రాయి మేం తయారుచేసుకోవాలంటే పదిహేను రోజులు పడ్తదా?"

"పడ్తది. నడుమ మబ్బు పడితే ఇంకా ఎక్కువ."

"ఇంట్ల ఆమెకు పానం బాగలేదు. వంటింట్ల నిలబడలేకపోతున్నది" అన్నాడు బాపు. ఇంతకుముందు ఈ మాట బాపు ఎవరి ముందూ అనగా నేను వినలేదు.

చాచా రాయి వైపు ఒకసారి చూశాడు. "గిదే తీసుకపో. నేను ఇంకోటి ఎండబెట్టుకుంట. నాకు జల్దీ లేదు." రాయి ధర ఎంతో అంతే తీసుకున్నాడు. పదిహేను రోజుల ఎండకూ, మూడు సాయంత్రాల సెగకూ ఎంతివ్వాలని బాపు అడిగితే, కొబ్బరి పీచు పంపిస్తానన్నారు కదా అన్నాడు. రాయిని మాత్రం తొందరపడి చల్లార్చనివ్వలేదు. బొగ్గుల మీంచి దించి, పొడి ఇటుకల మీద పెట్టి, గంటకు పైగా మమ్మల్ని కూర్చోబెట్టాడు. తుడవడానికి కూడా నీళ్లు ఇవ్వలేదు. ఉప్పు చల్లి, పాత నూలు గుడ్డతో రుద్దించాడు. ఏడింటికి తన పెద్ద పొయ్యి దగ్గరికి వెళ్లిపోతూ నా తల మీద చెయ్యి పెట్టి, "అమ్మీకి సలాం చెప్పు" అన్నాడు.

తిరుగు ప్రయాణానికి యాదగిరన్ననే పిలిచాం. గోనెసంచిలో చుట్టిన రాయిని చూసి, "ఒక్క ముక్క పట్టుకపోయి నిండు బండ తెస్తున్నవా పంతులూ! గఫూర్ భాయ్‌ను బాగనే మస్కా కొట్టినవ్" అని బరువుకని ఇరవై రూపాయలు ఎక్కువ అడిగాడు. బాపు బేరమాడలేదు. ఇంటికి చేరేసరికి ఎనిమిదయింది. అమ్మ గడపలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. బాపు రాయిని దించి, చెప్పులు కూడా విడవకుండా ఆమె ముందు నిలబడ్డాడు.

"ఆ రోజు నీళ్లు నేనే చల్లిన."

అమ్మ విసరడం ఆపలేదు. "నాకెరుకనే. నేను చూసిన."

"చూసినవా? మరి చెప్పకపోతివి?"

"ముప్పై ఏండ్లు దేవునికి వండిన మనిషివి. నిప్పు కాడ తప్పు చేసినవని నేను చెప్పాల్నా నీకు? నువ్వే చెప్తవని చూసిన." నా వైపు తిరిగింది. "దాన్ని తిడుతుంటే మాత్రం బాధయింది."

మరునాడు సాయంత్రం బాపు నైలాను తాడు తనే విప్పాడు. ఇటుకలు పేర్చి, ఇసుక పరిచాడు. వెలిగించక ముందే, ఖాళీ ఇటుకల మీద, మూడుసార్లు నీళ్లు చిలకరించి, ఆరేదాకా ఆగాడు. రొట్టెలు కూడా ఆయనే చరిచాడు. అమ్మ గాలి వచ్చే వైపు కుర్చీ వేసుకుని, ఉల్లిగడ్డ ఇంకా సన్నగా తరగమని మా ఇద్దరికీ పురమాయిస్తూ కూర్చుంది. అప్పటి నుంచి ఇరవై రెండు సాయంత్రాలు గడిచాయి, కళ్లు తిరిగాయన్న మాట అమ్మ నోట వినలేదు. కింద వంటగది తలుపు మూసే ఉంటుంది, ఆ వేడి ఇంట్లోకి రాదు కాబట్టి కూలరు కూడా రాత్రి తొమ్మిది దాటాకే వేస్తున్నాం.

ఒక్క మధ్యాహ్నంలో ఇంతమందికి రుణపడతానని బయల్దేరేటప్పుడు అనుకోలేదు. తన పనిని పక్కన పెట్టి, మా ఇంటి తొందరను చూసిన చాచాకు. తప్పు తెలిసీ ఎదుటి మనిషి నోటి నుంచే అది రావాలని ఓపిక పట్టిన అమ్మకు. నిజం చెప్పడానికి చివరికి ఊరి ఆ చివరి దాకా వచ్చిన బాపుకు. నేను ఈ ప్రయాణానికి ఒక జవాబు కోసం వెళ్లాను. పగులుతుందా, పగలదా అన్నది ఒకటే ప్రశ్న. రాయి ఎలా పగులుతుందో తెలుసుకున్నాను గానీ, మా ముగ్గురి మధ్య ఏదో బిగుసుకుపోయి ఉందని నాకు వెళ్లేదాకా తెలియదు. అది సడలింది. దానికి మాట కోసం వెతుకుతున్నాను. దొరికితే నోట్‌బుక్‌లో రాసుకుంటాను.

మీలో ఎవరైనా మేడ మీద ఇలా మొదలుపెడితే ఒక్క సూచన. వంటయ్యాక మిగిలిన బొగ్గుల్ని చెత్తబుట్టలో వేయకండి, పైన ఆరినట్టున్నా లోపల గంటలపాటు కాలుతూనే ఉంటాయి. వాటిని పట్టకారుతో మందపాటి ఇనుప గిన్నెలోకి తీసి, మూత గట్టిగా పెట్టి, ఆరుబయటే తెల్లారేదాకా వదిలేయండి. గాలి అందక అవే ఆరిపోతాయి. మరునాడు కొత్త బొగ్గుకన్నా త్వరగా అంటుకుంటాయి. మా ఇంట్లో రోజూ చాటలో మూడోవంతు అలా మిగులుతోంది. పొద్దున్నే ఆ మూత తీసి ఎన్ని మిగిలాయో చూడడం ఇప్పుడు అమ్మ పని. ఎక్కువ మిగిలిన రోజున మేడ మీంచే మా ఇద్దర్నీ పిలిచి మరీ చెబుతుంది.